నేల నీళ్లు తాగాలి

ఒకే గల్లీ – రెండు బాధలు

శ్రావణ మాసంలో పెద్ద వాన పడుతుంది. గల్లీ నిండా నీళ్లు. మోరీ పొంగుతుంది. మురికి నీళ్లు గడప దాటి ఇంట్లోకి వస్తాయి. బియ్యం సంచి తడుస్తుంది. పిల్లల పుస్తకాలు తడుస్తాయి. ఆడవాళ్లు కొంగు దోపి రాత్రంతా నీళ్లు ఎత్తి పోస్తారు.

చైత్ర మాసం వస్తుంది. అదే గల్లీ. బోరింగు కొడితే గాలి వస్తుంది. నీళ్లు రావు. ట్యాంకరు కోసం బిందెలు వరుస కడతాయి. ట్యాంకరు ఎప్పుడొస్తుందో తెలియదు. దాని కోసం కూర్చుంటే ఆ పూట కూలి పోతుంది. బడికి పోవలసిన ఆడపిల్ల బిందె పట్టుకుని నిలబడుతుంది.

వానాకాలంలో నీళ్లు ఎక్కువై బాధ. ఎండాకాలంలో నీళ్లు లేక బాధ. ఈ రెండూ వేరు వేరు బాధలు అనిపిస్తాయి. కానీ రెండింటికీ ఒక కారణం ఉంది. వాన నీళ్లు నేలలోకి దిగటం లేదు. దిగే దారి మూసుకుపోయింది.

హైదరాబాదు వంటి నగరాల్లో ఈ దారి ఎట్లా మూసుకుపోయింది? మళ్లీ ఎట్లా తెరవాలి? ఈ పాఠంలో తెలుసుకుందాం.

నేల నీళ్లను ఎట్లా తాగుతుంది?

పిడికెడు మట్టి తీసుకుని చూడండి. మట్టి రేణువుల నడుమ సన్నని సందులు ఉంటాయి. చెట్ల వేళ్లు నేలలో దారులు చేస్తాయి. వానపాములు, చీమలు కూడా దారులు చేస్తాయి. వాన నీళ్లు ఈ దారుల్లో కిందికి దిగుతాయి. దీన్నే ఇంకటం అంటాం.

హైదరాబాదు కింద గట్టి గ్రానైటు రాయి ఉంది. రాయి మీద మొరం, మట్టి పొరలు ఉన్నాయి. రాతిలో అక్కడక్కడ పగుళ్లు ఉన్నాయి. ఇంకిన నీళ్లు ఈ మొరంలో, ఈ పగుళ్లలో నిలుస్తాయి. బోరులో నుంచి వచ్చేవి ఈ నీళ్లే. నేల కింద సముద్రం లేదు.

పొదుపు సంఘం సంగతి మీకు తెలుసు. నెల నెలా పైసలు వేస్తేనే అప్పు తీసుకోవచ్చు. ఎవరూ పైసలు వేయకుండా అందరూ అప్పులే తీస్తే ఏమవుతుంది? పెట్టె ఖాళీ అవుతుంది. నేల కూడా అంతే. వానాకాలంలో నీళ్లు వేయాలి. ఎండాకాలంలో తీసుకోవాలి. వేయకుండా తీస్తూ పోతే బోరు ఎండుతుంది. ఇంకా లోతుకు బోరు వేసినా లాభం కొద్దిరోజులే. రాతిలో పగులు తగలకపోతే ఆ బోరు ఖర్చు కూడా దండగే.

చేసి చూడండి

ఒక చెంబు నీళ్లు తీసుకోండి. చెట్టు మొదట్లో మెత్తటి మట్టి మీద పోయండి. నీళ్లు ఎంతసేపట్లో ఇంకాయో చూడండి.

ఇంకో చెంబు నీళ్లు సిమెంటు గచ్చు మీద పోయండి. అవి ఎటు పోయాయో చూడండి.

ఇప్పుడు మూడో చెంబు. బండ్లు తిరిగి తిరిగి గట్టిపడిన మట్టి మీద పోయండి. అక్కడ కూడా నీళ్లు తొందరగా ఇంకవు. అంటే మట్టి ఉంటే చాలదు. మట్టి మెత్తగా ఉండాలి. గడ్డి, చెట్టు ఉంటే మట్టి మెత్తగా ఉంటుంది.

సిమెంటు తప్పా?

సిమెంటు రోడ్డును బస్తీ వాళ్లు ఊరికే అడగలేదు. బురదలో నడవలేక అడిగారు. గర్భిణి స్త్రీని ఆసుపత్రికి తీసుకుపోవటానికి ఆటో రావాలని అడిగారు. వాకిట్లో గచ్చు వేసుకున్నది కూడా శుభ్రం కోసమే. అందులో తప్పు లేదు.

తప్పు ఎక్కడుంది? గోడ నుంచి గోడ దాకా, ఒక్క జానెడు కూడా విడవకుండా వేయటంలో ఉంది. రోడ్డు సిమెంటు. వాకిలి సిమెంటు. బడి ఆవరణ సిమెంటు. చెట్టు మొదలు చుట్టూ కూడా సిమెంటు. ఇక నీళ్లు ఎక్కడ దిగాలి?

పెద్ద పెద్ద ఆఫీసులు, ఫంక్షన్ హాళ్లు, అపార్ట్‌మెంట్లు ఇంకా ఎక్కువ నేలను కప్పేస్తాయి. వాటి కప్పుల మీద, బండ్లు నిలిపే జాగాల మీద పడిన వాన అంతా బయటికి వస్తుంది. నీరు పల్లమెరుగు అంటారు. ఆ నీళ్లు పల్లంలో ఉన్న ఇళ్ల మీదికే వస్తాయి. పల్లంలో ఎక్కువగా ఉండేది పేదవాళ్లే. నేలను కప్పింది ఒకరు. నీళ్లు ఎత్తి పోసేది మరొకరు.

లెక్క చూద్దాం

ఏడాదిలో 10 బిందెల వాన పడింది అనుకోండి. చెట్లు, గడ్డి ఉన్న నేల మీద ఆ 10 బిందెల్లో ఒక బిందె పారిపోతుంది. ఐదు బిందెలు నేలలో ఇంకుతాయి. నాలుగు బిందెలు ఆవిరై గాలిలో కలుస్తాయి.

ఇళ్లు, రోడ్లతో నిండిన చోట లెక్క తిరగబడుతుంది. ఐదున్నర బిందెలు పారిపోతాయి. ఒకటిన్నర బిందె మాత్రమే ఇంకుతుంది. మూడు బిందెలు ఆవిరవుతాయి.

ఇది సుమారు లెక్క. నేలను బట్టి, వానను బట్టి మారుతుంది. కానీ సంగతి తెలుస్తూనే ఉంది. పారే నీళ్లు ఐదు రెట్లకు పైగా పెరిగాయి. ఇంకే నీళ్లు మూడో వంతు కన్నా తగ్గాయి.

ఇప్పుడు ఒక ఇంటి లెక్క. 60 గజాల కప్పు ఉంది. అంటే సుమారు 50 చదరపు మీటర్లు. దాని మీద ఒక సెంటీమీటరు వాన పడితే 500 లీటర్ల నీళ్లు వస్తాయి. బిందెకు 15 లీటర్లు వేసుకుంటే 33 బిందెలు.

హైదరాబాదులో ఏడాదికి సగటున సుమారు 80 సెంటీమీటర్ల వాన కురుస్తుంది. అంటే ఆ చిన్న కప్పు మీదనే ఏడాదికి 40,000 లీటర్లు పడతాయి. ఈ నీళ్లు మోరీలో కలిసి పోతాయి. మరోపక్క కృష్ణ, గోదావరి నీళ్లను వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి కరెంటుతో ఎత్తి, పైపుల్లో నగరానికి తెస్తున్నారు.

హైదరాబాదు చూసిన వరదలు

1908 సెప్టెంబరు 28న మూసీ నదికి పెద్ద వరద వచ్చింది. సుమారు 15,000 మంది చనిపోయారని అంచనా. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. ఆ చెట్టు ఎక్కి 150 మంది బతికారని చెబుతారు.

ఆ రోజుల్లో సిమెంటు రోడ్లు లేవు. అయినా వరద వచ్చింది. ఎందుకు? చాలా పెద్ద వానను ఏ నేలా పూర్తిగా తాగలేదు. మిగిలిన నీళ్లు నిలవటానికి చోటు కావాలి. ఆ వరద తరువాత ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన సలహాతో నగరానికి ఎగువన రెండు పెద్ద చెరువులు కట్టారు. 1920లో ఉస్మాన్‌సాగర్ పూర్తయింది. 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయింది. ఉస్మాన్‌సాగర్‌నే గండిపేట చెరువు అంటారు. ఇవి వరదను ఆపాయి. తాగే నీళ్లూ ఇచ్చాయి.

తరువాత నగరం పెరిగింది. చెరువుల్లో, కుంటల్లో ఇళ్లు లేచాయి. నాలాలు ఇరుకయ్యాయి. మిగిలిన నేల మీద సిమెంటు, తారు పరుచుకున్నాయి.

2000 సంవత్సరం ఆగస్టులో బేగంపేటలో ఒక్క రోజులో సుమారు 24 సెంటీమీటర్ల వాన పడింది. వేల ఇళ్లు మునిగాయి. 2020 అక్టోబరు 13న నగరంలో సుమారు 19 సెంటీమీటర్లు, పక్కనున్న ఘట్‌కేసర్‌లో సుమారు 32 సెంటీమీటర్లు పడింది. అదే నెలలో గుర్రం చెరువు కట్ట తెగి పాతబస్తీలో ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి.

ఈ వరదలు మూడు సంగతులు చెబుతాయి. నీళ్లు ఇంకటానికి నేల కావాలి. మిగిలిన నీళ్లు నిలవటానికి చెరువు కావాలి. ఇంకా మిగిలితే పారటానికి నాలా కావాలి. ఈ మూడింట్లో ఏ ఒక్కటి తగ్గినా నీళ్లు ఇంట్లోకే వస్తాయి.

చెన్నై చెప్పిన పాఠం

చెన్నై నగరం నాలుగేళ్ల తేడాలో రెండు బాధలూ చూసింది.

2015 నవంబరు, డిసెంబరు నెలల్లో అక్కడ వరదలు వచ్చాయి. వందల మంది చనిపోయారు. మేడ మీది కప్పులెక్కి జనం సాయం కోసం ఎదురు చూశారు.

2019 జూన్‌లో అదే చెన్నైకి నీళ్లిచ్చే నాలుగు పెద్ద చెరువులు దాదాపు ఎండిపోయాయి. రైలు బండ్లలో తాగే నీళ్లు తెచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లోని కండలేరు జలాశయం నుంచి కాలువ ద్వారా కృష్ణా నీళ్లు చెన్నైకి పోతాయి. అయినా చాలలేదు.

వరద వచ్చిన నగరంలోనే కరువు కూడా వచ్చింది. పడిన వానను దాచుకోకపోతే ఎంత వాన పడినా ఇంతే.

వానల తీరు మారింది

"మా చిన్నప్పుడు వానలు ఇట్లా పడేవి కావు" అని పెద్దవాళ్లు అంటారు. ఆ మాటలో నిజం ఉంది.

బొగ్గు, పెట్రోలు, డీజిలు మండితే కార్బన్ డయాక్సైడ్ అనే వాయువు వస్తుంది. అది భూమి చుట్టూ దుప్పటిలా చేరి వేడిని బయటికి పోనివ్వదు. గత 150 ఏళ్లలో భూమి వేడి ఒక డిగ్రీకి పైగా పెరిగింది.

వేడి గాలి ఎక్కువ ఆవిరిని పట్టుకుంటుంది. వేడి ఒక డిగ్రీ పెరిగితే, గాలిలో పట్టే ఆవిరి నూటికి 7 పాళ్లు పెరుగుతుంది. అంటే గాలి బిందె పెద్దదయింది. అది ఒలికినప్పుడు ఎక్కువ ఒలుకుతుంది. అందుకే వారమంతా పడవలసిన వాన ఒక్క రాత్రే పడుతున్నది. ఆ తరువాత చాలా రోజులు చినుకు ఉండదు.

మధ్య భారతదేశంలో విస్తారంగా కురిసే అతి భారీ వానలు 1950 నుంచి 2015 దాకా సుమారు మూడు రెట్లు పెరిగాయి. 2017లో శాస్త్రవేత్తలు ఈ లెక్క చెప్పారు.

మెల్లగా పడే ముసురును నేల తాగగలదు. ఒక్కసారిగా కుమ్మరించే వానను తాగటం కష్టం. వానలు ఇట్లా మారిన కాలంలో నేలను ఇంకా ఇంకా కప్పుకుంటూ పోతే ప్రమాదం రెండింతలవుతుంది.

గల్లీలో మాట

గల్లీకి సిమెంటు రోడ్డు వస్తుందంటే చాలా బస్తీల్లో ఇట్లాంటి మాటలే నడుస్తాయి. చదవండి. మీ బస్తీలో ఎవరు ఏమంటారో పోల్చి చూడండి.

అత్త: గల్లీ అంత సిమెంటు ఏస్తరంట. మంచిదే. బురద పీడ పోతది.

కోడలు: గోడ నుంచి గోడ దాక ఏస్తే నీళ్లు యాడికి పోతయి అత్తమ్మా? పోయిన యేడు పై గల్లీకి రోడ్డు ఏసిన్రు. ఆ నీళ్లన్ని మన ఇండ్లల్లకే వచ్చినయి గద.

అత్త: మట్టి ఉంచితే దోమలు రావా?

మేస్త్రి పని చేసే అక్క: దోమలు మట్టికి రావు పెద్దమ్మా. నిలిచిన నీళ్లకు వస్తయి. గుడ్డు నుంచి దోమ కావాలంటె వారం దినాలు పడ్తది. నీళ్లు ఒకటి రెండు దినాలల్ల ఇంకిపోతే దోమ పుట్టదు.

కోడలు: అయితే రోడ్డే వద్దందామా?

అక్క: వద్దనద్దు. రోడ్డు కావాలె. కానీ ఏసే తీరు ఉంటది. కొత్త రోడ్డు పాత రోడ్డు మీదనే ఏస్తరు. అప్పుడు రోడ్డు మీదికి అయితది, మన గడప కిందికి అయితది. పాతది తవ్వి ఏయమనాలె.

కోడలు: గోడ పొంటి మట్టి ఇడిస్తే ఇంకదా అక్కా?

అక్క: గోడకు ఆనించి నీళ్లు ఇంకించద్దు. గోడకు చెమ్మ ఎక్కుతది. గల్లీ చివర్ల వేపచెట్టు కాడ జాగ ఉంది. దానికి సిమెంటు ఏయద్దనాలె. రోడ్డు వాటం అటు ఇయ్యమనాలె. ఆడ పెద్ద ఇంకుడు గుంత తియ్యాలె. నీళ్లు తియ్యగ పోయి ఆడ పడ్తయి.

అత్త: ఇవన్ని ఎవరు చెప్తరు? ఎవరు ఇంటరు?

కోడలు: రోడ్డు ఏసినంక చెప్పితే ఎవరు ఇనరు అత్తమ్మా. ఏసే ముందే చెప్పాలె. నోటితోని కాదు, కాయితం మీద రాసి ఇద్దం. ఇప్పుడు మనకు రాయొస్తది గద.

నీళ్లు దిగే నేల ఎన్ని తీర్లు?

నేల గట్టిగా ఉండాలి, నడవటానికి బాగుండాలి, నీళ్లు కూడా దిగాలి. ఇట్లాంటి పద్ధతులు ఉన్నాయి.

1. షాబాదు బండలు: బండల నడుమ సందుల్లో సిమెంటు నింపకుండా ఇసుక నింపాలి. బండల కింద కూడా ఇసుక పరవాలి. సందుల్లో నుంచి నీళ్లు దిగుతాయి.

2. సిమెంటు ఇటుకలు: కాలిబాటల మీద వేసే ఈ ఇటుకలను పేవర్ బ్లాకులు అంటారు. వీటిని కంకర, ఇసుక మీద పరవాలి. కింద కాంక్రీటు పోసి దాని మీద పరిస్తే లాభం లేదు.

3. బొక్కలున్న ఇటుకలు: ఈ బొక్కల్లో మట్టి నింపి గడ్డి పెంచుతారు. బండ్లు నిలిపే జాగాలకు ఇవి బాగుంటాయి.

4. కంకర, మొరం: బడి ఆవరణలో, గుడి ముందర ఒక పక్కకు కంకర పరవవచ్చు.

5. చెట్టు పాది: చెట్టు చుట్టూ కనీసం మూడు నాలుగు అడుగుల జాగా విడవాలి. చెట్టు బతుకుతుంది. నీళ్లూ ఇంకుతాయి. నీడ వల్ల గల్లీ చల్లగా ఉంటుంది.

సందుల్లో దుమ్ము చేరితే నీళ్లు దిగవు. ఏటా వానలకు ముందు ఊడ్చి, పాత ఇసుక తీసి కొత్త ఇసుక నింపాలి.

ఇంకుడు గుంత తీసే పద్ధతి

జాగా ఎన్నుకోండి. వాన నీళ్లు వాటంగా వచ్చే చోటు కావాలి. ఇంటి పునాదికి 10 అడుగుల దూరం ఉంటే మంచిది. మరుగుదొడ్డి గుంతకు దూరంగా ఉండాలి.

4 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 5 అడుగుల లోతు తవ్వండి.

అడుగున సగం లోతు దాకా పెద్ద కంకర రాళ్లు వేయండి. వాటి మీద చిన్న కంకర వేయండి. దాని మీద దొడ్డు ఇసుక వేయండి. పైన ఒక అడుగు ఖాళీగా ఉంచండి.

కప్పు మీది నీళ్లను పైపుతో గుంతలోకి మళ్లించండి. పైపు మూతికి జాలీ కట్టండి. ఆకులు, చెత్త అందులో పడవు. ఏడాదిలో మొదటి వాన నీళ్లను బయటికి వదిలేయండి. ఆ నీళ్లలో కప్పు మీది దుమ్ము, రెట్టలు ఉంటాయి.

ఇళ్లు చిన్నవి, జాగా లేదు. అప్పుడు ఏం చెయ్యాలి? నాలుగైదు ఇళ్లు కలిసి ఒక గుంత తీసుకోవచ్చు. బోరింగు దగ్గర, బడిలో, అంగన్‌వాడీ కేంద్రం దగ్గర అడగవచ్చు.

జాగ్రత్తలు

స్నానం నీళ్లు, బట్టలు ఉతికిన నీళ్లు, మోరీ నీళ్లు ఈ గుంతలోకి రానివ్వకండి. నేల కింది నీళ్లు చెడిపోతాయి. ఆ నీళ్లే మళ్లీ బోరులో వస్తాయి.

తవ్విన గుంతను ఒక్క రోజు కూడా తెరిచి ఉంచకండి. పిల్లలు పడిపోతారు. పని అయ్యేదాకా చుట్టూ కంచె కట్టండి.

నల్లరేగడి నేలలో నీళ్లు మెల్లగా దిగుతాయి. ఆ నేల తడిస్తే ఉబ్బుతుంది. అట్లాంటి చోట ఇంజనీరును అడిగిన తరువాతే తవ్వండి.

వాన వెలిసిన రెండు రోజులకు కూడా నీళ్లు గుంతలో నిలిచి ఉంటే అది పూడింది అన్నమాట. పై ఇసుక తీసి కడగాలి, లేదా మార్చాలి. ఏటా మే నెలలో గుంతను శుభ్రం చెయ్యాలి.

ఒక్క గుంతతో వరద ఆగుతుందా?

ఆగదు. ఈ నిజం తెలుసుకోవాలి. పైన చెప్పిన గుంతలో రాళ్లు పోను వెయ్యి లీటర్లకు పైగా నీళ్లు పడతాయి. 2020 అక్టోబరులో పడినట్టు 19 సెంటీమీటర్ల వాన పడితే, 60 గజాల కప్పు మీదనే 9,500 లీటర్లు వస్తాయి. గుంత నిండి పొంగుతుంది.

మరి గుంత ఎందుకు? అంత పెద్ద వాన ఎప్పుడో ఒకసారి వస్తుంది. ఏడాదిలో పడే వానల్లో చాలావరకు చిన్న వానలే. ఆ నీళ్లను గుంత తాగుతుంది. బోరుకు బలం ఇస్తుంది. గుంతలు వందలు, వేలు అయితే నాలా మీద భారం కూడా తగ్గుతుంది.

పెద్ద వానకు మాత్రం చెరువు, నాలా బాగుండాలి. అది ఒక ఇంటి పని కాదు. ప్రభుత్వం, మున్సిపాలిటీ చేయవలసిన పని. చేయమని అడగటం ప్రజల హక్కు.

2002లో నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చింది. దీన్ని వాల్టా చట్టం అంటారు. 200 చదరపు మీటర్లు, అంటే సుమారు 240 గజాలు, అంతకన్నా పెద్ద జాగాల్లో వాన నీళ్లు ఇంకే ఏర్పాట్లు చేయించటానికి ఈ చట్టం అధికారులకు వీలిచ్చింది. కాబట్టి పెద్ద ఆవరణల వాళ్లు తమ వాన నీళ్లను తమ దగ్గరే ఇంకించాలని అడగవచ్చు.

బాగు చేస్తే పాత నీటి చోట్లు కూడా తిరిగి పనికొస్తాయి. సికింద్రాబాదులోని బన్సీలాల్‌పేటలో ఒక పాత మెట్లబావి ఉంది. చాలా కాలం అది చెత్తతో పూడిపోయి ఉంది. పూడిక తీసి బాగు చేశారు. మళ్లీ నీళ్లు ఊరాయి. 2022 డిసెంబరులో దాన్ని ప్రజల కోసం తెరిచారు.

అర్జీ రాద్దాం

రోడ్డు పని మొదలు కాకముందే అర్జీ ఇవ్వాలి. ఖాళీల్లో మీ వివరాలు రాయండి.

తేదీ: ..............

మున్సిపల్ కమిషనర్ గారికి,

అయ్యా / అమ్మా,

మేము .............. బస్తీ, .............. గల్లీలో ఉంటున్నాము. మా గల్లీలో .............. ఇళ్లు ఉన్నాయి. పెద్ద వాన పడితే మా ఇళ్లలోకి నీళ్లు వస్తున్నాయి. ఎండాకాలంలో బోరింగు ఎండిపోతున్నది.

మా గల్లీకి సిమెంటు రోడ్డు వేస్తారని తెలిసింది. మాకు రోడ్డు కావాలి. పని మొదలుపెట్టే ముందు ఈ కింది విషయాలు చూడవలసిందిగా కోరుతున్నాము.

1. పాత రోడ్డు తవ్వి, మా గడపల కన్నా ఎత్తు కాకుండా కొత్త రోడ్డు వేయాలి.
2. .............. దగ్గర ఉన్న ఖాళీ జాగాను, చెట్ల మొదళ్లను సిమెంటుతో కప్పకూడదు.
3. వాన నీళ్లు ఆ జాగా వైపు పోయేటట్టు వాటం ఇవ్వాలి. అక్కడ ఇంకుడు గుంత తీయించాలి.
4. వానలకు ముందే నాలా పూడిక తీయించాలి.

ఇట్లు,
(గల్లీ వాళ్ల పేర్లు, సంతకాలు)

అర్జీ రెండు కాపీలు రాయండి. ఒకటి ఆఫీసులో ఇవ్వండి. రెండో దాని మీద ముద్ర వేయించుకుని, తేదీ రాయించుకుని మీ దగ్గర దాచండి. నెల రోజుల తరువాత ఆ కాపీ పట్టుకుని వెళ్లి ఏమైందో అడగండి. ఒక్కరే వెళ్లకండి. నలుగురు కలిసి వెళ్లండి.

కొత్త మాటలు

ఇంకటం: నీళ్లు నేలలోకి దిగటం
వాటం: నీళ్లు పారటానికి ఒక పక్కకు ఇచ్చే వాలు
మొరం: రాయి అరిగి అయిన గరుకు మట్టి
పూడిక: అడుగున చేరిన మట్టి, చెత్త
ఎగువ: నీళ్లు వచ్చే వైపు
ఆవరణ: ఇల్లు, బడి, ఆఫీసు చుట్టూ ఉన్న జాగా

జవాబులు చెప్పండి

1. బోరులో వచ్చే నీళ్లు నేల కింద ఎక్కడ నిలుస్తాయి?
2. వరదకు, బోరు ఎండటానికి ఉన్న ఒకే కారణం ఏమిటి?
3. 1908లో సిమెంటు రోడ్లు లేకపోయినా వరద ఎందుకు వచ్చింది?
4. ఇంకుడు గుంతలోకి ఏ నీళ్లు పోకూడదు? ఎందుకు?

లెక్క చెయ్యండి

మీ ఇంటి కప్పు పొడవు, వెడల్పు మీటర్లలో కొలవండి. రెండింటినీ గుణించండి. వచ్చిన అంకెను 10తో గుణించండి. ఒక సెంటీమీటరు వాన పడితే మీ కప్పు మీద వచ్చే లీటర్లు అవే. దాన్ని 15తో భాగించండి. అవి ఎన్ని బిందెలు?

అందరూ కలిసి చర్చించండి

మీ గల్లీలో వాన నీళ్లు ఎటు నుంచి వస్తాయి? ఎటు పోతాయి? సిమెంటు లేని జాగా ఇంకా ఎక్కడ మిగిలి ఉంది? దాన్ని ఎవరు కప్పబోతున్నారు? కప్పకుండా ఉంచాలంటే ఎవరితో మాట్లాడాలి? మాట్లాడటానికి ఎవరెవరు వెళ్తారు? వాళ్ల పేర్లు పలక మీద రాయండి.